నాలుగో కొర్నేలియా

కొర్నేలియా తన చెల్లెల్ని చంపింది. ఈ విషయంలో సంజీవరావుకు సందేహమేమీ లేదు. మందు పెట్టి చంపలేదు, నీళ్ళలోకి తొయ్యలేదు. తనకొచ్చిన వీసా, తన పాస్‌పోర్టు చేతిలో పెట్టి, తన పేరు తగిలించి చెల్లెల్ని ఖతర్ విమానం ఎక్కించింది. ఎక్కిన మనిషి ఇరవై రెండేళ్ళు ఇక్కడ చాకిరీ చేసింది. కరోనా రెండో ఏడు ఆస్పత్రిలో ఒక్కతే పోయింది. శవాన్ని పంపడానికి విమానాలు లేవన్నారు. ఇక్కడే మట్టి చేశారు. ఆ మట్టి మీద పాతిన రేకు మీద కూడా కొర్నేలియా అనే ఉంది.

లోపల పడుకున్నది సుకుమారి.

పోయిన వారం సంజీవరావును దోహా విమానాశ్రయంలో, వచ్చేవాళ్ళ ద్వారం దగ్గర నిలబెట్టి వదిలేశాం. కూతురు పెర్సిస్ బాలింత. తల్లి లేని పిల్ల. “పురిటి సాయానికి మనవాళ్ళలో ఒకావిడ వస్తోంది నాన్నా, తీసుకురా” అందే తప్ప ఎవరో చెప్పలేదు. చెబితే వెళ్ళడని దానికి తెలుసు. గాజు తలుపులు తెరుచుకుని ఒక నీలం చీర బయటికొచ్చింది. వదిన. తల నెరిసింది, నడక మారలేదు. మొహం చూసి పాతికేళ్ళయింది. కూతురి ఇల్లున్న అల్ ఖోర్ దాకా గంట ప్రయాణంలో ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

పెర్సిస్‌కు ఆమె సుకుమారి పెద్దమ్మ. వీసా కోసం పంపిన పాస్‌పోర్టు కాపీలో అదే పేరుంది. ఉండక తప్పదు. ముప్పై ఏళ్ళు నిండని ఆడమనిషిని గల్ఫులో ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వం రూలు పెట్టినప్పుడు సుకుమారికి ఇరవై మూడు, అక్కకు ముప్పై రెండు. కోనసీమలో అలా అక్కల పేర్ల మీద, వదినల పేర్ల మీద, ఒక్కోచోట అత్తల పేర్ల మీద వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. చెల్లెలు కొర్నేలియాగా ఇక్కడికి వచ్చేసింది. అక్కడ మిగిలిన అక్కకు మిగిలిన పేరు సుకుమారి. ఊళ్ళో ఆడవాళ్ళను పేర్లు పెట్టి పిలిచేదెవరు? పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అనేవారు. కాగితాలకు తప్ప ఎవరికీ తేడా పడలేదు. తర్వాత సంజీవరావుకు ఫ్యామిలీ వీసా వచ్చినప్పుడు పెళ్ళి సర్టిఫికెట్టులోనూ కొర్నేలియా అనే రాయించారు. రాయించింది సంజీవరావే. ఆ సంగతి అతడు లెక్కలోకి తీసుకోడు.

ఇప్పుడు పెర్సిస్ తన నలభై రోజుల బిడ్డకు తల్లి పేరు పెట్టుకుంటానంటోంది. కొర్నేలియా. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, దోహాలో తెలుగువాళ్ళ ఆరాధనలో. పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని “ఏం పేరు?” అని అడుగుతారు. ఇంటి పెద్ద అందరికీ వినబడేలా చెప్పాలి. వాళ్ళ సంఘంలో ఆనవాయితీ అది.

ఇంటి పెద్ద సంజీవరావు. ఆ పేరు అతడి నోటితోనే రావాలి.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి మెసయీద్‌లో అతడి క్వార్టర్ ముందు లింబాద్రి కారు ఆపాడు. కంపెనీలో బస్సు తోలుతాడు. జగిత్యాల వైపు మనిషి. సెలవు రోజైతే సొంత కారులో ఎవరినైనా ఎక్కడికైనా దించుతాడు.

“ఎక్కన్నా. గా మొకమేంది? మనుమరాలి ఫంక్షన్‌కు పోతున్నవా, పోలీస్ టేషన్‌కు పోతున్నవా?”

సంజీవరావు ఎక్కాడు.

“పేరేం అనుకున్రు?”

“అనుకుంటున్నారు.”

“ఇంకా అనుకునుడేందే? పొద్దుమీకి ఫంక్షన్ పెట్టుకొని. మా దగ్గరైతే ఇరవై ఒక్కటో దినం తొట్లెల ఏస్తరు, మేనత్త చెవుల చెప్తది, అయిపాయె.”

“మా దాంట్లో ఇంటి పెద్ద చెప్పాలి.”

“అంటే నువ్వే?”

“నేనే.”

లింబాద్రి స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. “అబ్బో! నువ్వు నోరు తెర్వాల్నంటే కంపెనీ లెటర్ కావాలె గదనే. మైకు ముంగట ఎట్ల చెప్తవు? రాసుకపో. మర్సిపోతవు.”

“మర్చిపోను.”

“మా ఇంటామె నిన్న ఫోన్ల అడ్గవట్టె, దుబాయ్‌ల ఎండలెట్లున్నయని. పదిహేనేండ్ల సంది చెప్తున్న, ఇది ఖతరే అని. ఇననే ఇనది.”

“పేరేదైతే ఏం? ఎండ అదే.”

“గది గూడ నిజమే” అన్నాడు లింబాద్రి. ఆ తర్వాత సంజీవరావు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దోహా దాటింది. బల్లపరుపు నేల, దూరంగా గొట్టాల మీద మంట. అతడు మనసులో ఒకే మాట కూడగట్టుకుంటున్నాడు. ఆ పేరు వద్దు. ఎందుకు వద్దో చెప్పకుండా ఆ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెబితే, తల్లి ఇరవై రెండేళ్ళు దొంగ పేరుతో బతికిందని కూతురికి తెలుస్తుంది. చెప్పకపోతే, చెల్లెల్ని చంపినదాని పేరు మనవరాలి నెత్తి మీద కూర్చుంటుంది. తన చేతుల మీదుగా, తన గొంతుతో.

అల్ ఖోర్‌లో అల్లుడు డేనియల్‌కు కంపెనీ ఇచ్చిన ఇల్లు. తలుపు తెరవగానే నూనె కాగిన వాసన, సాంబ్రాణి వాసన. హాల్లో నేల మీద, కాళ్ళు బారచాపుకుని వదిన కూర్చుని ఉంది. కాళ్ళ మీద పిల్ల. అప్పుడే నీళ్ళు పోసినట్టుంది. ఒళ్ళంతా తుడిచి, మెడ మడతల్లో పొడి అద్దుతోంది. పిల్ల ఏడవడం లేదు. ఎవరి చేతిలో ఉన్నానో తెలిసినట్టు పడుకుంది.

“రండి మామయ్యగారూ, మంచి టైముకి వచ్చారు. పెర్సిస్ స్పీచి రిహార్సలు” అన్నాడు డేనియల్. “పాస్టరుగారు అయిదు నిమిషాలే ఇస్తానన్నారు. నేను టైము చూస్తున్నాను. నిన్న పన్నెండు నిమిషాలొచ్చింది.”

“నువ్వు మధ్యలో మాట్లాడబట్టి పన్నెండు” అంది పెర్సిస్. స్కూలు లైబ్రరీలో పని చేస్తుంది. ఏది పట్టుకున్నా పుస్తకాలు తిరగేయకుండా వదలదు. “నాన్నా, కూర్చో. నీకు తెలియని సంగతులు చెప్తాను. అమ్మ పేరు గురించి.”

సంజీవరావు కుర్చీ అంచున కూర్చున్నాడు. వదిన తల ఎత్తలేదు.

పెర్సిస్ ఫోను చూసి మొదలుపెట్టింది. “అందరికీ వందనాలు. మా పాపకు మా అమ్మ పేరు పెడుతున్నాం. కొర్నేలియా. ఇది లాటిన్ పేరు. రోములో ఒక పెద్ద వంశం ఉండేది, వాళ్ళ ఇంటిపేరులోంచి వచ్చింది. మన బైబిల్లో శతాధిపతి కొర్నేలి కూడా ఆ పేరువాడే. మా తాతగారు మిషన్ స్కూల్లో మాస్టరు. అక్కడి నుంచే తీసి పెట్టి ఉంటారు. ఈ పేరుతో లోకంలో గొప్పవాళ్ళైన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ముగ్గురి గురించి చెప్తాను.”

“చాలామంది అని మళ్ళీ ముగ్గురేంటి?”

“అయిదు నిమిషాలన్నది ఎవరు?”

డేనియల్ నోటి మీద వేలేసుకున్నాడు.

“మొదటి కొర్నేలియా రోములో ఉండేది. రెండు వేల నూట చిల్లర ఏళ్ళ కిందట. పెద్ద సేనాపతి కూతురు. మొగుడు పోయాక ఒక రాజు పెళ్ళి చేసుకుంటానంటే వద్దంది. ఒకసారి ఇంటికొచ్చిన గొప్పింటావిడ తన నగలన్నీ చూపించి, మరి మీ నగలేవీ అని అడిగింది. కొర్నేలియా తన కొడుకుల్ని పిలిచి, నా నగలు వీళ్ళే అంది. ఆ కొడుకులిద్దరూ పేదలకు భూములు పంచాలని పోరాడి చచ్చిపోయారు. ఆమెకు పుట్టింది పన్నెండు మంది. పెరిగి పెద్దయింది ముగ్గురు.”

పొడి అద్దుతున్న చెయ్యి ఆగింది.

“తొమ్మిది మంది పోయారా?” అంది వదిన.

“ఆ రోజుల్లో అంతే కదా పెద్దమ్మా.”

“ఏ రోజుల్లోనైనా తల్లికి ఒకటేనమ్మా. నగలు చూపించమంటే ఉన్నోళ్ళని పిలిచి చూపించింది. పోయినోళ్ళని ఎక్కడ దాచుకుందో పాపం.”

ఆమె సంజీవరావు వైపు చూడలేదు. చూసినట్టే అనిపించింది అతడికి.

“పెద్దమ్మా, ఈ మాట బాగుంది, నేను వాడుకుంటాను” అని పెర్సిస్ ఫోనులో ఏదో కొట్టుకుంది. “రెండో ఆవిడ మనావిడే. కొర్నేలియా సొరాబ్జీ. నాసిక్‌లో పుట్టింది. క్రైస్తవ కుటుంబం. బొంబాయి యూనివర్సిటీలో పట్టా పుచ్చుకున్న మొదటి ఆడపిల్ల. ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డులో లా చదివింది. ఆడమనిషి లా పరీక్ష రాయడం అక్కడ అదే మొదలు. రాయనిచ్చారు గాని పట్టా ఇవ్వలేదు. ఆడవాళ్ళకు ఇచ్చే రూలు లేదన్నారు. అయినా తిరిగొచ్చి, పరదా వెనక ఉండిపోయిన ఆడవాళ్ళ తరఫున ఇల్లిల్లూ తిరిగి వాళ్ళ ఆస్తులు కాపాడింది. ముప్పై ఏళ్ళ తర్వాత పిలిచి ఆ పట్టా చేతిలో పెట్టారు.”

“ముప్పై ఏళ్ళకా?” అంది వదిన మళ్ళీ.

“సరిగ్గా ముప్పై.”

“ఇచ్చారు కదా. అదే చాలు.” పిల్లకు చొక్కా తొడుగుతూ ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సంజీవరావుకు నచ్చలేదు.

“మూడో ఆవిడది హాలండు. అందరూ కోరీ టెన్ బూమ్ అంటారు. అసలు పేరు కొర్నేలియా. గడియారాలు బాగుచేసేది. హిట్లరు కాలంలో యూదుల్ని ఇంట్లో దాచారని ఇంటిల్లిపాదినీ పట్టుకెళ్ళారు. తండ్రి పోయాడు. జైలు క్యాంపులో అక్క పోయింది. ఈమె బతికి బయటపడి దేశదేశాలూ తిరిగి క్షమించమని చెప్పింది. ఒక రోజు మీటింగు అయ్యాక ఒకతను వచ్చి చెయ్యి చాపాడు. ఆమె గుర్తుపట్టింది. ఆ క్యాంపులో కాపలాగాడు. నన్ను దేవుడు క్షమించాడు, మీరూ క్షమిస్తారా అన్నాడు.”

“ఇవ్వకుండా ఉండాల్సింది చెయ్యి” అన్నాడు సంజీవరావు.

అంతసేపటికి అతడు మాట్లాడిన మొదటి మాట అది. డేనియల్, పెర్సిస్ ఇద్దరూ నవ్వారు.

“నాన్నా, నువ్వు ఆవిడ ప్లేసులో ఉంటే ఆ గార్డుకి ఇంకో జైలు కట్టి అందులో వేసేవాడివి. ఆవిడకీ చెయ్యి లేవలేదట మొదట. ప్రార్థన చేసుకుంటే లేచిందట. ఇచ్చింది.”

“తప్పు చేసింది.”

“సరే, నీ ఒపీనియన్ రాసుకోను” అంది పెర్సిస్. తర్వాత ఫోను పక్కన పెట్టేసింది. ఈ ముక్క చూడకుండా వచ్చు.

“నాలుగో కొర్నేలియా మా అమ్మ. ఆమె గురించి ఏ పుస్తకంలోనూ లేదు. ఒక ఇంట్లో కళ్ళు కనబడని ముసలావిడకు రెండేళ్ళు అన్నం తినిపించింది. తర్వాత నర్సరీలో ఆయాగా చేసింది. ఆమె ఎత్తుకోని పిల్లలు ఆ నర్సరీలో లేరు. మా అమ్మకు తన పేరంటే ఎంత ఇష్టమో నేను చిన్నప్పుడే కనిపెట్టాను. ఎవరైనా ‘కొర్నేలియా’ అని పిలిస్తే వెంటనే పలికేది కాదు. ఒక్క క్షణం ఆగేది. అంత గొప్ప పేరు నాదేనా అని మురిసిపోతున్నట్టు ఆగి, అప్పుడు తిరిగేది. నేనెప్పుడూ ఆ క్షణం కోసం చూసేదాన్ని. నా కూతురు కూడా ఎవరు పిలిచినా అలాగే...”

కళ్ళు తుడుచుకుంది. డేనియల్ లేచి భుజం మీద చెయ్యేశాడు. “ఆరున్నర నిమిషాలు” అన్నాడు మెల్లగా. ఆమె ఏడుస్తూ నవ్వింది.

సంజీవరావు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నీళ్ళు తాగుదామని గ్లాసు తీశాడు గాని తాగలేదు. ఆ ఒక్క క్షణం అతడికీ తెలుసు. కంపెనీ క్లినిక్కులో నర్సు పిలిచినప్పుడు, బ్యాంకులో, ఎంబసీ వరసలో. ప్రతిసారీ సుకుమారి ముందు తన వైపు చూసేది. నన్నేనా అని. నిన్నే, వెళ్ళు అని తను కళ్ళతో చెప్పేవాడు. అప్పుడు లేచేది. కూతురు దాన్ని మురిపెం అనుకుంది.

వెనక అడుగుల చప్పుడు. పిల్లను భుజాన వేసుకుని వదిన వచ్చి, పాలసీసా కడగడానికి కుళాయి తిప్పింది.

“ఆ పేరు పెట్టడానికి వీల్లేదు” అన్నాడు అతడు.

“నాకెందుకు చెప్తారు మరిదిగారూ? పేరు చెప్పేది మీరు.”

“నీ మాట వింటోంది అది. నువ్వు చెప్పు వద్దని.”

“ఎందుకొద్దు పెద్దమ్మా అంటుంది. ఏం చెప్పమంటారు? మీ అమ్మ ఆగేది మురిసిపోయి కాదే, ఆ పేరు తనది కాక అని చెప్పనా?”

“చేసిందంతా చేసి నువ్వు నాకు బుద్ధులు చెప్తున్నావా?”

“ఏం చేశాను?”

“నువ్వు రావలసిన చోటికి దాన్ని పంపావు. ఇక్కడ ఆ ముసలిదాని మలమూత్రాలు ఎత్తాల్సింది నువ్వు. దిక్కులేకుండా ఆస్పత్రిలో పోవాల్సింది నువ్వు. భయపడి చెల్లెల్ని తోశావు.”

ఆమె సీసా కడగడం ఆపలేదు. “ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పారు. మా అన్నయ్యకి ఫోను చేసి చెప్పారు. ఊరి పాస్టరుగారికి ఉత్తరం రాశారు. నేనొక్కసారైనా కాదన్నానా? ఎందుకు కాదనలేదో ఎప్పుడైనా అనుకున్నారా?”

“కాదనడానికి ఏముంది?”

“ఆయ్, ఏముంది” అందామె. కుళాయి కట్టేసింది. “నేను ఏఎన్ఎం ట్రైనింగు చేశానని తెలుసు కదా మీకు. అయిదేళ్ళు లిస్టులో ఉన్నాను, పోస్టింగు రాలేదు. ఇక రాదనే ఈ వీసాకు ఒప్పుకున్నాను. చెల్లి వచ్చేసిన నాలుగో నెలలో ఆర్డరు వచ్చింది. మా ఊరికి రెండు మైళ్ళలో సబ్‌సెంటరు. ఆర్డరు మీద నా పేరు. కొర్నేలియా గల్ఫులో ఉందని ప్రభుత్వం కాగితాల్లో ఉంటే, కొర్నేలియా ఇక్కడ సూదులెలా వేస్తుంది? చేరితే కూపీ లాగుతారు, దాన్ని అక్కడ జైల్లో పెడతారని భయపడి చేరలేదు. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర ఊడ్చి, తుడిచి, కాన్పులు చేసి బతికాను. ఆ సొరాబ్జీగారికి ముప్పై ఏళ్ళకైనా పిలిచి ఇచ్చారు.”

“అది నువ్వు చేసుకున్నదే.”

“నేను పెట్టె సర్దుకున్నాను మరిదిగారూ. రాజోలులో ఏజెంటు దగ్గరికి బస్సు పొద్దున్నే. చెల్లి వచ్చి ఆ పెట్టె మీద కూర్చుంది. లేవనంది.”

సంజీవరావు ఏదో అనబోయాడు.

“పదకొండు నెలలు” అందామె.



ఆ పదకొండు నెలల సంగతి సుకుమారి పోయాక ఈ ప్రపంచంలో తనకొక్కడికే తెలుసని అనుకున్నాడు సంజీవరావు. పెర్సిస్ పుట్టక మునుపు వాళ్ళకొక ఆడపిల్ల. అయిదో నెలలో జ్వరం వచ్చి పోయింది. అతడు అప్పుడు ఖతర్‌లోనే, దుఖాన్‌లో ఉన్నాడు, చమురు గొట్టాల పని. సుకుమారి ఒక రోజు ఆలస్యంగా ఆస్పత్రికి తీసుకెళ్ళిందని ఎవరో రాశారు. అతడు ఆమెకు ఒక ఉత్తరం రాశాడు. అందులో ఒకటే వాక్యం. బిడ్డను నువ్వే చంపుకున్నావు. ఆ తర్వాత పదకొండు నెలలు రాయలేదు. ఫోను చేయలేదు. అటువైపు నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పలేదు.

“మీరున్నారో లేరో తెలీదు. ఇంకొకత్తెను చూసుకున్నారన్నారు కొందరు. అది తిండి మానేసింది. పెట్టె మీద కూర్చుని ఒకటే మాట. ‘అక్కా, నీ పేరు నాకిచ్చెయ్యి. నేను వెళ్తాను. ఆయన ఎదురుగా నిలబడి ఒక్కసారి అడుగుతాను, నేను చంపానా అని. అడిగి వచ్చేస్తాను.’ రెండు రోజులు కాదన్నాను. మూడో రోజు పాస్‌పోర్టులో ఫొటో మార్పించడానికి ఏజెంటు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మీరు పంపావు పంపావు అంటారే, అది తీసుకెళ్ళడమే నేను చేసిన పంపడం.”

గోడకు ఆనుకున్నాడు సంజీవరావు. సుకుమారి వచ్చిన రెండో నెలలో ఒక శుక్రవారం, ఆమె పనిచేసే ఇంటి గేటు బయట అతడు ఆమెను చూశాడు. అక్క పంపేసిందట అని అప్పటికే అతడు తేల్చేసుకున్నాడు. ఆమె గేటు పట్టుకుని అతడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో అడగబోతున్నట్టుంది. చివరికి “చిక్కిపోయారు” అంది. అంతే. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో ఏ రోజూ అడగలేదు.

“అడిగిందా మిమ్మల్ని?” అంది వదిన.

అతడు చేతిలో ఉన్న గ్లాసును గట్టు మీద పెట్టాడు.

“అడగలేదన్నమాట. నాతో మాత్రం ఫోనులో ఒట్టేయించుకుంది, పెర్సిస్ కడుపులో ఉన్నప్పుడు. ‘అక్కా, నా బిడ్డకి ఇదెప్పుడూ తెలియకూడదు. వాళ్ళ నాన్న అలాంటివాడని అది అనుకోకూడదు. ఎవరేమన్నా నువ్వే పంపానని ఒప్పుకో’ అంది. ఒప్పుకున్నాను. ఇప్పుడూ ఒప్పుకుంటాను. చెప్తే మీరే చెప్పాలి. అది మీరు చెప్తే దాని బరువు వేరు. నేను చెప్తే చాడీ.”

“నోరు ముయ్యి.”

“మూసే ఉన్నాను కదా, పాతికేళ్ళుగా.”

“నోరు ముయ్యమన్నానా, కొర్నేలియా!”

“ఆయ్” అందామె. చటుక్కున, చిన్నపిల్లలా. పిలిస్తే పలికినట్టు. అన్నాక చేతిలోని సీసా వైపు చూసుకుంది. ఆ పేరుతో ఆమెను మనిషన్నవాడు పిలిచి పాతికేళ్ళు.

వంటింటి గుమ్మంలో పెర్సిస్ నిలబడి ఉంది.

ఎప్పుడొచ్చిందో తెలియదు. చీర మార్చుకుంది. ఒక చెవికి జూకా ఉంది, రెండోది చేతిలో ఉంది. బయట డేనియల్ కారు స్టార్టు చేసి “యల్లా యల్లా, రెండున్నర దాటింది” అని అరుస్తున్నాడు.

“పెద్దమ్మను ఏమని పిలిచావు నాన్నా?”

వదిన సీసాకు మూత బిగించింది.

“పెద్దమ్మ పలికింది. నేను విన్నాను. ఏమని పిలిచావు?”

 అబద్ధం చెప్పే అలవాటు అతడికి లేదు. నిజం మొత్తం చెప్పే అలవాటూ లేదు.

“దీని పేరు కొర్నేలియా. మీ అమ్మ పేరు సుకుమారి.”

“ఏంటీ?”

“మీ అమ్మకు అప్పుడు ఇరవై మూడే, వయసు చాలలేదు. దీని పాస్‌పోర్టు మీద వచ్చింది. అప్పట్నుంచి ఆ పేరే నడిచింది.”

పెర్సిస్ ఫ్రిజ్‌ను పట్టుకుంది. “నా బర్త్ సర్టిఫికెట్టు?”

“అదీ.”

“మీ పెళ్ళి కాగితం? ఆ రేకు? రేకు మీద పేరు కూడానా నాన్నా? నేను ప్రతి నెలా వెళ్ళి పువ్వులు పెట్టి, కొర్నేలియా అనే అక్షరాలు తుడిచి...” ఆమె ఆగింది. ఏదో లెక్క కుదురుతున్నట్టు కళ్ళు చిన్నవయ్యాయి. “అందుకా అమ్మ ఆగేది? పిలిస్తే?”

“అందుకే.”

బయట హారను మోగింది. పెర్సిస్ దాన్ని వినలేదు. వదిన వైపు తిరిగింది. వారం రోజులుగా ఆమె చేతి వంట తిన్నది, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అమ్మ కబుర్లు చెప్పించుకున్నది. ఇప్పుడు కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది.

“ఇరవై మూడేళ్ళ పిల్ల పెద్దమ్మా. నీకొచ్చిన వీసా. నువ్వు ఇంట్లో ఉండిపోయి అమ్మను పంపించావా?”

  వదిన సంజీవరావు వైపు చూసింది. బతిమాలలేదు, బెదిరించలేదు. వంతు మీది అన్నట్టు చూసింది, అంతే.

“చెప్పు పెద్దమ్మా. నువ్వేనా?”

“మీ నాన్న చెప్తారమ్మా.”

“నాన్నా?”

సంజీవరావు నేల వైపు చూశాడు. ఒక్క వాక్యం. ఆ రోజు దుఖాన్ నుంచి ఒక్క వాక్యం రాసినవాడికి ఇవాళ ఒక్క వాక్యం చెప్పడం కష్టం కాకూడదు. నోటి దాకా వచ్చింది కూడా. కూతురి మొహం చూశాడు. ఆ మొహంలో తండ్రి మీద ఇంకా అనుమానం లేదు. ఆ మాట అంటే ఈ మొహం ఏమవుతుందో అతడికి కనబడింది. గేటు దగ్గర సుకుమారి మొహం కనబడింది.

నోరు మూసుకున్నాడు.

పెర్సిస్ చేతిలోని జూకాను ఫ్రిజ్ మీద పెట్టింది. తర్వాత ముందుకొచ్చి, పెద్దమ్మ భుజం మీంచి బిడ్డను తీసుకుంది. మెల్లగానే తీసుకుంది. తీసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఖాళీ అయిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వదిన కొంగు పట్టుకుంది.

“సాయంత్రం పాస్టరుగారు అడుగుతారు” అంది పెర్సిస్.  “పేరు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఏ పేరు ఎవరిదో చెప్పావు. ఎవరు ఎందుకు పంపారో చెప్పు. అది తెలిస్తే తప్ప నేను నా బిడ్డకి ఏ పేరూ పెట్టలేను.”

“ఏ పేరు చెప్పమంటే ఆ పేరు చెప్తాను” అన్నాడు సంజీవరావు. “గట్టిగా చెప్తాను. మిగతాది నన్ను అడక్కు. మీ అమ్మ ఇక్కడికి ఎందుకొచ్చిందో నేను మాట్లాడను. నీతో మాట్లాడను, పాస్టరుగారితో మాట్లాడను, చచ్చేటప్పుడు మంచం దగ్గరికొచ్చి అడిగినా మాట్లాడను. ఇదే ఆఖరు.”